చదివిన చేతులు గీసిన అట్టలు: పెంగ్విన్ క్లాసిక్స్ డీలక్స్ ప్రతుల సమీక్ష

వోల్టేర్, జేన్ ఆస్టెన్, మెల్విల్ వంటి రచయితల పుస్తకాలకు కాపీరైట్ గడువు ఎప్పుడో తీరిపోయింది. వాటిని ఎవరైనా అచ్చు వేయవచ్చు, చాలామంది వేస్తూనే ఉన్నారు. ఇంటర్నెట్‌లో ఉచితంగానూ దొరుకుతాయి. అటువంటి పుస్తకాన్ని మళ్ళీ డబ్బు పెట్టి కొనమని అడిగే ప్రచురణకర్త, మంచి అనువాదమో, శ్రద్ధగా పరిష్కరించిన పాఠమో, పండితుల పీఠికో ఇవ్వాలి. అవి కాక అతను ఇవ్వగలిగింది అట్ట. అనువాదం గురించి, పీఠిక గురించి సమీక్షకులు వివరంగానే రాస్తారు. అట్ట విషయానికి వచ్చేసరికి ‘ముఖచిత్రం బాగుంది’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టడం మనకు అలవాటు. పెంగ్విన్ సంస్థ అమెరికా శాఖ 2005 ప్రాంతం నుంచి చిత్రకారులతో కలిసి తెచ్చిన క్లాసిక్స్ డీలక్స్ ప్రతులను, వాటి తోబుట్టువుల వంటి మరి రెండు వరుసలను ఇక్కడ కేవలం అట్టల కోసమే పరిశీలిస్తున్నాను. ఈ అట్టలలో ఉత్తమమైనవి ఆయా గ్రంథాలకు రాసిన వ్యాఖ్యానాలతో సమానమని నా అభిప్రాయం. తక్కినవి అల్మారాకు అందం తెచ్చే వస్తువులు. ఈ తేడా ఎక్కడ వస్తున్నదో గమనించడం పుస్తకాలు కొనేవారికీ, వేసేవారికీ కూడా ఉపయోగపడుతుంది.

ముందు కొంచెం పూర్వకథ చెప్పుకోవాలి. పెంగ్విన్ క్లాసిక్స్ 1946లో ఇ.వి. ర్యూ చేసిన ‘ఒడిస్సీ’ అనువాదంతో మొదలైంది. 1960ల్లో ఆ సంస్థకు ఆర్ట్ డైరెక్టర్‌గా ఉన్న ఇటలీ దేశస్థుడు జెర్మానో ఫచ్చెట్టి వీటి రూపాన్ని పూర్తిగా మార్చి, నల్లని అట్ట మీద ఆ గ్రంథం పుట్టిన కాలానికి చెందిన వర్ణచిత్రాన్నో శిల్పపు ఫోటోనో వేసే పద్ధతిని ప్రవేశపెట్టారు. ఈనాటికీ ‘పెంగ్విన్ క్లాసిక్’ అనగానే చాలామందికి గుర్తుకు వచ్చే రూపం దాదాపుగా అదే. ఆ పద్ధతి వెనుక స్పష్టమైన ఆలోచన ఉంది: గ్రంథాన్ని దాని కాలంలో నిలబెట్టి చూపడం. పందొమ్మిదో శతాబ్దపు నవలకు పందొమ్మిదో శతాబ్దపు చిత్రాన్ని ఇస్తే, ఆ దుస్తులు, ఆ గదులు, ఆ వెలుతురు పాఠకుడికి ముందుగానే పరిచయం అవుతాయి. నాకు ఆ పద్ధతి మీద గౌరవం ఉంది. అయితే అందులో ఒక పరిమితి కూడా ఉంది. ఆ చిత్రకారుడు ఆ పుస్తకాన్ని చదివి గీయలేదు. చాలా సందర్భాల్లో ఆ పుస్తకం ఉన్నదన్న సంగతే అతనికి తెలియదు. చిత్రానికీ, పుస్తకానికీ పెళ్ళి కుదిర్చింది సంపాదకుడు.

పెంగ్విన్ అమెరికా శాఖ ఆర్ట్ డైరెక్టర్ పాల్ బక్లీ ఈ పద్ధతిని తలకిందులు చేశారు. పాత చిత్రాన్ని వెతికే బదులు ఈనాటి చిత్రకారుణ్ణి, ముఖ్యంగా కామిక్స్ గీసేవారిని పిలిచి, గ్రంథాన్ని చేతికిచ్చి, ముందు అట్ట మొదలుకొని వెన్ను, వెనుక అట్ట, లోపలికి మడిచే రెండు మడతల దాకా ఉన్న స్థలమంతా అప్పగించారు. ఈ చివరి అంశం చూడడానికి చిన్నదే. కాని మామూలు ముఖచిత్రంలో చిత్రకారుడికి దొరికేది నాలుగు గీతల మధ్య ఒక దీర్ఘచతురస్రం. దాని మీద పేరు ఎక్కడ రావాలో, ఏ అక్షరాలలో రావాలో వేరొకరు నిర్ణయిస్తారు. ఇక్కడ అక్షరాలు కూడా చాలా వాటికి చిత్రకారుడి చేతివే. కామిక్స్ గీసేవారిని ఎంచుకోవడంలోని తెలివి కూడా ఇదే. బొమ్మనూ మాటనూ ఒకే చేత్తో, ఒకే పేజీలో నడిపించడం వారి నిత్యకృత్యం.

ఈ వరుసలో మొదట చెప్పవలసినది 2005లో అమెరికా కామిక్స్ చిత్రకారుడు క్రిస్ వేర్ గీసిన వోల్టేర్ ‘కాండీడ్’ అట్ట. థియో కఫ్ అనువాదానికి వేసిన ఈ అట్టను చూస్తే మొదట తికమకగా ఉంటుంది. పెద్ద బొమ్మ అంటూ ఏదీ ప్రధానంగా కనిపించదు. కథ అంతా చిన్న చిన్న కామిక్ గళ్ళలో అట్ట మీదనే సాగిపోతుంది, మడతల మీద పాత్రల పరిచయం ఉంటుంది. కాండీడ్ కోటలో నుంచి గెంటివేతకు గురవుతాడు, సైన్యంలో పడతాడు, లిస్బన్ భూకంపంలో చిక్కుకుంటాడు, ఖండాలు దాటుతాడు. 1759 నాటి ఈ చిన్న పుస్తకంలో ముప్పై అధ్యాయాలున్నాయి. దాదాపు ప్రతి అధ్యాయంలోనూ ఏదో ఒక ఘోరం జరుగుతుంది, ఆ ఘోరాన్ని వోల్టేర్ గొంతు పెంచకుండా రెండు మూడు వాక్యాలలో చెప్పి ముందుకు పోతాడు. చదివేవారికి నవ్వు వస్తుంది, ఆ నవ్వు గొంతులో ఇరుక్కుంటుంది. వేర్ బొమ్మల స్వభావమూ అదే. ఆయన గీత యంత్రం గీసినంత సమంగా ఉంటుంది. మనుషులు గుండ్రని తలలతో, చుక్కల కళ్ళతో ఉంటారు. యుద్ధమైనా భోజనమైనా గీత తీరు మారదు. దుఃఖాన్ని పెద్దది చేసి చూపని ఆ పద్ధతి వోల్టేర్ వాక్యపు వేగాన్ని, నిబ్బరాన్ని బొమ్మలోకి తెచ్చింది. లిస్బన్ శిథిలాల మీద ఒక గొప్ప తైలవర్ణ చిత్రాన్ని ఈ పుస్తకానికి ముఖచిత్రంగా వేసి ఉంటే అది విషాద కావ్యమని పాఠకుడు పొరబడేవాడు.

కథంతా అట్ట మీదనే చెప్పేస్తే ఇక చదవడమెందుకని కొందరు అడగవచ్చు. ‘కాండీడ్’ను ఎవరూ ముగింపు తెలుసుకోవడం కోసం చదవరు. కథ తెలిసిన తరువాత మళ్ళీ చదివేటప్పుడే ఆ పుస్తకం ఎక్కువ రుచిస్తుంది, అట్ట మీది గళ్ళు కూడా రెండో చదువులోనే పూర్తిగా అర్థమవుతాయి. నా ప్రతిని అబిడ్స్‌లో ఆదివారం పూట పరిచే పాత పుస్తకాల మధ్య కొన్నాను. అంచులు నలిగి ఉన్నా, ఆ అట్టను చదవడం ఇప్పటికీ పూర్తి కాలేదనే అనిపిస్తుంది.

ఇదే దారిలో నడిచిన మరో గొప్ప అట్ట షర్లీ జాక్సన్ 1962 నాటి నవల ‘వుయ్ హావ్ ఆల్వేస్ లివ్డ్ ఇన్ ద కాసిల్’కు స్విట్జర్లాండ్ చిత్రకారుడు థామస్ ఆట్ చేసినది. ఆట్ నల్ల పూత పూసిన బోర్డు మీద మొనతో గీకి, లోపలి తెలుపును బయటికి తీస్తూ బొమ్మ కడతారు. తెల్ల కాగితం మీద నీడలు చేర్చుకుంటూ పోయే మామూలు పద్ధతికి ఇది పూర్తిగా వ్యతిరేకం. ఇక్కడ చీకటి ముందే ఉంటుంది, చిత్రకారుడు ఎక్కడ ఎంత వెలుతురు ఇవ్వాలన్నది మాత్రమే నిర్ణయిస్తాడు. కుటుంబంలో ఎక్కువమంది విషప్రయోగానికి బలైన తరువాత, ఊరి ద్వేషం మధ్య ఇంట్లోనే తలుపులు మూసుకుని బ్రతికే అక్కచెల్లెళ్ళ కథ అది. అందులో పాఠకుడికి నిజం తెలిసే తీరు కూడా అచ్చంగా ఇలాగే, చీకటిని కొంచెం కొంచెం గీకినట్లే ఉంటుంది. ఈ చిత్రకారుణ్ణి ఈ నవలకు ఎంచుకోవడంలోనే సగం పని జరిగిపోయింది. మెల్విల్ ‘మోబీ డిక్’ను టోనీ మిలియనేర్‌కు ఇవ్వడం కూడా అటువంటి ఎంపికే. ఆయన ఏళ్ళ తరబడి తన కామిక్స్‌లో తెరచాప ఓడలను, నావికులను గీస్తున్న మనిషి. ఓడ మీది తాళ్ళు, కొయ్యలు ఎలా ఉంటాయో ఆయనకు కొత్తగా చెప్పనక్కరలేదు.

2009లో ఫ్యాషన్ చిత్రకారుడు రూబెన్ టొలేడో గీసిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’, ‘వుదరింగ్ హైట్స్’, ‘ద స్కార్లెట్ లెటర్’ అట్టల గురించి నా అభిప్రాయం అంత ఏకపక్షంగా లేదు. గీతలో విలాసం ఉంది, చూడగానే చేతిలోకి తీసుకోవాలనిపిస్తుంది. దుస్తుల మీద కుట్టిన అక్షరమే కథకు ఇరుసు అయిన ‘స్కార్లెట్ లెటర్’కు ఫ్యాషన్ గీసే చేయి సహజంగా అమరింది. కాని మూడు నవలలకూ ఒకే విలాసం పూయడం వల్ల ఎమిలీ బ్రాంటీ ‘వుదరింగ్ హైట్స్’లోని మొరటుదనం, గాలి, బురద కొంత అణిగిపోయాయి. ఒక చిత్రకారుడికి ఒక పుస్తకం అన్న నియమం సడలిన చోటల్లా ఈ ఇబ్బంది కనిపిస్తుంది.

ఇక నా మనసుకు అన్నిటికంటే దగ్గరైన పని ‘పెంగ్విన్ థ్రెడ్స్’. 2011లో కెనడాకు చెందిన చిత్రకారిణి జిలియన్ తమాకీ చేత ‘ఎమ్మా’, ‘బ్లాక్ బ్యూటీ’, ‘ద సీక్రెట్ గార్డెన్’ పుస్తకాలకు బక్లీ ఎంబ్రాయిడరీ అట్టలు చేయించారు. ముందు మామూలుగా బొమ్మ గీసుకుని, తరువాత దానిని సూదీ దారంతో చేత్తో కుట్టి, ఆ కుట్టుపనిని అట్ట మీదకు అచ్చు ఎక్కించి, దారం ఉన్నచోట కాగితం పైకి ఉబికేలా ఎంబాస్ చేశారు. బొమ్మ మీద వేలు పెట్టి రాస్తే కుట్ల వరుస తెలుస్తుంది. తగిలేది దారం కాదు, కాగితమే. నిజమైన దారపు మెత్తదనం ఎంత మంచి ఎంబాసింగ్‌కైనా రాదు. అయినా చేతికి ఆ ఎత్తుపల్లాలు తగలడం వల్ల ఎవరో కూర్చుని గంటల తరబడి కుట్టారన్న స్పృహ మనలో కలుగుతుంది, మామూలు ముద్రణలో అది కలగదు.

ఈ అట్టల ప్రాణం లోపలి వైపున ఉంది. అట్ట తెరిచి చూస్తే లోపల ఆ కుట్టుపని వెనుక వైపు అచ్చయి ఉంటుంది: ముడులు, వదిలేసిన దారపు కొసలు, ఒక పువ్వు నుంచి ఇంకొక పువ్వుకు అడ్డంగా లాగిన పోగులు. మన ఇళ్ళలో కుట్టు తెలిసిన ఆడవాళ్ళు ఎవరి చేతిపనినైనా మెచ్చుకునే ముందు బట్ట తిప్పి వెనుక చూస్తారు; పనితనం తెలిసేది అక్కడే. చైన్ స్టిచ్, స్టెమ్ స్టిచ్, ఫ్రెంచ్ నాట్ ఎలా పడతాయో తెలిసినవారికి ఆ లోపలి అట్ట చదవడానికి మరొక పేజీ అవుతుంది. దీనిని కేవలం చమత్కారం అనలేము. జేన్ ఆస్టెన్ ‘ఎమ్మా’ను తీసుకోండి. ఆ నవల అంతా పైకి కనిపించే మర్యాదల అల్లిక. దాని వెనుక ఎవరు ఎవరిని ప్రేమిస్తున్నారో, ఎవరి మనసు ఎక్కడ ముడిపడి ఉందో ఎమ్మాకు తెలియదు, చాలాసేపు పాఠకుడికీ తెలియదు. నవల చివరికి వచ్చి మొదటి అధ్యాయాలు మళ్ళీ చదివితే వెనుక వైపు పోగులన్నీ కనిపించడం మొదలవుతుంది. అట్ట ముందు, వెనుకలను రెండింటినీ అచ్చు వేయాలన్న నిర్ణయం ఎవరిదైనా, ఆ నవలను బాగా చదివినవారు చేసిన నిర్ణయంలాగా ఉంది. పైగా ఆస్టెన్ కాలపు మధ్యతరగతి ఆడపిల్లలకు సూది పని రాకపోతే చదువు పూర్తయినట్లు లెక్క కాదు. వారి గురించిన పుస్తకానికి వారి చేతిపనినే అట్టగా చేయడంలో ఒక న్యాయం ఉంది.

మరుసటి సంవత్సరం రేచల్ సంప్టర్ చేసిన రెండో వరుసలో ‘లిటిల్ విమెన్’, ‘ద విండ్ ఇన్ ద విల్లోస్’, ‘విజర్డ్ ఆఫ్ ఓజ్’ వచ్చాయి. కథలోనే అక్కచెల్లెళ్ళు కూర్చుని కుట్టుకునే ‘లిటిల్ విమెన్’కు ఈ పద్ధతి నప్పినంతగా తక్కిన రెండింటికీ నప్పలేదు. అవి అందంగా ఉన్నాయి. కాని ఆ కథలు దారంతోనే ఎందుకు చెప్పాలో అట్ట చెప్పదు.

మన దేశపు గ్రంథం ఒకటి ఈ డీలక్స్ వరుసలో ఉంది కనుక దాని సంగతి విడిగా చెప్పాలి. ఎ.ఎన్.డి. హక్సర్ సంస్కృతం నుంచి అనువదించిన వాత్స్యాయనుడి ‘కామసూత్ర’కు ఫ్రాన్స్‌లో పుట్టిన మలికా ఫావ్ర్ అట్ట చేశారు. జంటల దేహాలను చదునైన రంగుల ఆకారాలుగా మార్చి, వాటితో అక్షరాలు కట్టి పేరు రాశారు. దూరం నుంచి చూస్తే అక్షరాలు, దగ్గరికి వస్తే మనుషులు. అశ్లీలం ఎక్కడా లేదు, గీతలో గొప్ప పొదుపు ఉంది. డిజైన్‌గా దీనికి వంక పెట్టలేను. వ్యాఖ్యానంగా మాత్రం ఒప్పుకోలేను. కామసూత్రంలో ఏడు అధికరణాలు, అంటే భాగాలు, ఉన్నాయి, అందులో సంయోగం గురించి చెప్పేది రెండో అధికరణం ఒక్కటే. తక్కినవాటిలో నాగరకుడి ఇల్లు, దినచర్య, పెళ్ళి, భార్య, వేశ్యల వ్యవహారం వంటి విషయాలు ఉన్నాయి. మొదటి అధికరణంలో నేర్వదగిన అరవై నాలుగు కళల జాబితా ఉంది, అందులో చిత్రలేఖనమూ, సూదిపనీ కూడా ఉన్నాయి. ప్రపంచం ఆ గ్రంథాన్ని ఒకే కోణంలో గుర్తు పెట్టుకుంది. ఎంతో ప్రతిభ ఉన్న ఈ అట్ట ఆ కోణాన్నే మరింత అందంగా స్థిరపరిచింది. ఒక నగరంలో సంపన్నుడి పొద్దు ఎలా గడిచేదో చెప్పే పుస్తకమని ఈ అట్ట చూసి ఎవరూ ఊహించలేరు. చిత్రకారుడికి ఎంత స్వేచ్ఛ ఇచ్చినా, గ్రంథం ఏమి చెబుతున్నదో అట్ట తయారయ్యే చోట ఎవరో ఒకరు పట్టుబట్టి చెప్పాలి.

జెస్సికా హిష్ అనే అక్షర చిత్రకారిణితో బక్లీ కలిసి చేసిన ‘డ్రాప్ క్యాప్స్’ వరుస 2012లో మొదలైంది. ఇరవై ఆరు గట్టి అట్ట పుస్తకాలు. ఒక్కో దాని మీద రచయిత ఇంటిపేరు మొదటి అక్షరాన్ని అలంకరించి గీశారు. రంగులు వరుసగా ఒకదానిలోకి ఒకటి జారుతూ పోవడం వల్ల ఇరవై ఆరూ పక్కపక్కన పెడితే ఇంద్రధనుస్సులా ఉంటాయి. ఆస్టెన్‌తో మొదలై కార్లోస్ రుయిజ్ జాఫోన్‌తో ముగుస్తుంది. అక్షరమాల నియమం పెట్టుకోవడం వల్ల ఎక్స్ అక్షరానికి చైనా రచయిత్రి షిన్‌రన్, క్యూ అక్షరానికి డిటెక్టివ్ నవలల ఎలరీ క్వీన్ వచ్చి ప్రూస్ట్, ఫ్లోబేర్‌ల పక్కన నిలబడ్డారు. ఈ కలయిక నాకు నచ్చింది. ‘క్లాసిక్’ అన్న గీత ఎక్కడ గీయాలన్న పాత వాదాన్ని ఇది నిశ్శబ్దంగా పక్కన పెట్టింది.

అయితే ఈ వరుసలో వి అక్షరానికి వచ్చిన పుస్తకం కూడా వోల్టేర్ ‘కాండీడ్’. వేర్ అట్టనూ దీనినీ పక్కపక్కన ఊహించుకోండి. హిష్ అక్షరం ఎంత చూసినా తనివి తీరనంత అందంగా ఉంటుంది. అక్షరపు వంపులు, నింపిన తీరు, రంగు, అన్నీ నేర్చుకోదగినవి. కాని ఆ వి అక్షరం వోల్టేర్ రాసిన ఏ పుస్తకానికైనా సరిపోతుంది. ఇరవై ఆరు పుస్తకాలు ఒక కుటుంబంలా కనిపించాలన్నది ఇక్కడ మొదటి నియమం. ఏ పుస్తకమూ తన గొంతు పెంచకూడదు. వేర్ అట్టను వేరే పుస్తకానికి తొడగడం మాత్రం సాధ్యం కాదు. సేకరణ కోసం, బహుమతి కోసం అయితే డ్రాప్ క్యాప్స్ ఉత్తమమైన ఎంపిక అని నిస్సందేహంగా చెబుతాను. అట్టలో గ్రంథం గురించి ఏదైనా తెలుసుకోవాలనుకునేవారు డీలక్స్ వైపు వెళ్ళాలి.

వాడకం గురించి కొన్ని మాటలు. డీలక్స్ ప్రతులలో పేజీల అంచులను సమంగా కోయకుండా గరుకుగా వదిలేస్తారు. చూడడానికి చేత్తో చేసిన కాగితంలా బాగుంటుంది, కాని ఒక పేజీ వెతుక్కోవడానికి చకచకా తిప్పుతుంటే రెండు మూడు పేజీలు కలిసిపోతాయి. పాఠం చెప్పేవారికి, నోట్సు రాసుకునేవారికి ఇది విసుగే. లోపలికి మడిచిన అట్ట మడతలు పేజీ గుర్తుగా పనికివస్తాయి గాని, అలా వాడితే మడత దగ్గర బొమ్మ విరుగుతుంది. థ్రెడ్స్ అట్టల ఉబ్బెత్తు భాగాలను మన వేసవి దుమ్ములో మెత్తని బ్రష్‌తో తుడుచుకోవాలి. ఆన్‌లైన్‌లో కొనేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: చిన్న బొమ్మలో ‘కాండీడ్’ అట్ట గజిబిజిగానూ, డ్రాప్ క్యాప్స్ అట్ట దివ్యంగానూ కనిపిస్తాయి. చేతిలోకి తీసుకుంటే ఈ తీర్పు తిరగబడుతుంది. వీలైతే వెనుక అట్ట, మడతల ఫోటోలు కూడా చూసి నిర్ణయించుకోవడం మంచిది.

ఈ ప్రతులు చూస్తున్నంతసేపూ మన గ్రంథాల గురించి ఆలోచించకుండా ఉండలేకపోయాను. తెలుగులో రచయితకూ, చిత్రకారుడికీ మధ్య ఇటువంటి బంధం కొత్తది కాదు. బాపు గీత, బాపు చేతిరాత కలిసి ఎన్నో తెలుగు పుస్తకాల ముఖాన్నే నిర్ణయించాయి. మన దగ్గర కొరత ఉన్నది పాత కావ్యాల విషయంలో. ‘మనుచరిత్ర’కో, ‘కళాపూర్ణోదయా’నికో అట్ట వేయవలసి వస్తే ఏదో గుడి శిల్పపు ఫోటోతో సరిపెడుతున్నాం, అంటే ఫచ్చెట్టి పద్ధతినే ఆయన చూపిన శ్రద్ధ లేకుండా పాటిస్తున్నాం. శ్రీకాళహస్తి కలంకారీ చిత్రకారులు రామాయణాన్ని గళ్ళు గళ్ళుగా గీసి, ప్రతి గడి పక్కన తెలుగులో కథ రాయడం తరతరాలుగా చేస్తున్నారు. చేర్యాల నకాషీ కళాకారులు పటం మీద పురాణాన్ని వరుసలు వరుసలుగా నడిపిస్తున్నారు. వేర్ ‘కాండీడ్’ అట్ట మీద చేసిన పనికి కావలసిన విద్య, అంటే కథను చిన్న గళ్ళలో వేగంగా, స్పష్టంగా చెప్పే విద్య, వారి చేతుల్లో ఉంది. ‘కళాపూర్ణోదయం’లో కథలో కథ, దానిలో మరో కథ ముడిపడి ఉంటాయి, దానిని ఒక చేర్యాల చిత్రకారుడికి వినిపించి, ముందు అట్ట నుంచి వెనుక మడత దాకా స్థలమంతా ఆయనకు ఇచ్చి, పారితోషికం ఇచ్చి, పుస్తకంలో ఆయన పేరు వేస్తే వచ్చే ప్రతిని నేను తప్పక కొంటాను.

కొనదలచినవారికి నా సలహా ఇది. ఒక్కటే కొనగలిగితే ‘కాండీడ్’ కొనండి. అట్ట తరువాత లోపలి పుస్తకం కూడా రెండు మూడు సాయంత్రాలలో పూర్తవుతుంది. ఇంట్లో కుట్టుపని ఇష్టపడేవారు ఉంటే తమాకీ ‘ఎమ్మా’ ఇవ్వండి, ఇచ్చేటప్పుడు లోపలి అట్ట తెరిచి చూడమని చెప్పండి. రాత్రి పూట చదివే అలవాటు ఉన్నవారికి జాక్సన్ నవల. డిజైన్ నేర్చుకునే విద్యార్థులు ఈ పుస్తకాలతో పాటు బక్లీ సంకలనం చేసిన ‘పెంగ్విన్ 75’ను కూడా సంపాదించాలి. 2010లో వచ్చిన ఆ పుస్తకంలో అట్టల పక్కనే వాటిని చేసినవారి మాటలు, రచయితల మాటలు అచ్చయ్యాయి, ఒకరి మాటతో మరొకరు ఏకీభవించని చోట్లను కూడా దాచకుండా వేశారు.